కరపత్రమూ చరిత్రే



కూర్మన్నపాలెం కూడలిలో, విశాఖ ఉక్కు కర్మాగారం ఆర్చి దగ్గర, 2021 ఫిబ్రవరిలో ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా దీక్షా శిబిరం వెలిసింది. అక్కడ చేతులు మారిన కరపత్రాల్లో ఇప్పటికి ఎన్ని మిగిలాయి? ఈ సంచిక ఆ ప్రశ్నతోనే మొదలైంది.

ఆ కర్మాగారం కావాలంటూ ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాదం 1966లో పల్లెపల్లెకూ పాకింది. ఉద్యమ నాయకుడు అమృతరావు నిరాహార దీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. మరుసటి ఏడాదే, ఉద్యమానికి అండగా నిలిచిన తెన్నేటి విశ్వనాథం స్వతంత్రుడిగా లోక్‌సభకు గెలిచారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. ఈ తేదీలు పుస్తకాల్లో దొరుకుతాయి. ఏ రచ్చబండ దగ్గర ఏ నాయకుడు ఏం మాటిచ్చాడో మాత్రం కరపత్రాలూ గోడపత్రికలూ చందా రసీదులే చెప్పాలి. ఎన్నికలు ముగిశాక అవి పొట్లాలకు పోతాయి, మిగిలినవి చెదల పాలవుతాయి.

ఇచ్చిన మాటకు కాగితమే సాక్షి. ఈ సంచికలోని రచనలన్నిటినీ కలిపిన దారం అదే. పార్టీ ఏదని మేం చూడలేదు.

అటక మీది ట్రంకుపెట్టె ఒకసారి దించండి. పాత కరపత్రం కనబడితే పారేయకండి. వెనకవైపు ఊరు, తేదీ పెన్సిలుతో రాసి దాచండి.