నాలుగు ఎర్ర సిరా నమోదులు, ఒక మనిషి పింఛను



పోయిన ఆదివారం మన మీటింగులో ఒక విషయం వచ్చి సగంలో ఆగిపోయింది. మనవాళ్ళలో ఒకాయన, మిలిటరీలో పనిచేసి వచ్చినవాడు, తన కేసుకు ఎవరైనా వకీలును చూపిస్తారా అని అడిగినాడు. వెనక వరసలో నుంచి ఒకరు, "తాగి గలాటా చేస్తే పంపించేసినారు, ఇప్పుడు మనం నెత్తికెత్తుకోవాలా?" అన్నారు. కొందరు నవ్వినారు. ఆయన ప్లాస్టిక్ కవరులో ఉన్న కాగితాలు చంకలో పెట్టుకొని లేచి పోయినాడు. ఆ రోజు మేమూ నోరు తెరవలేదు. అది మా తప్పు. అందుకే ఇప్పుడు ఇంత పొడుగ్గా రాస్తున్నాము.

పేరు రాయము. మరుసటి రోజు సాయంత్రం ఇంటికి పోయి ఆ కాగితాలు చూసినాము. 13 ఏళ్ళ పైచిలుకు సర్వీసు. సిపాయికి పింఛను రావాలంటే 15 ఏళ్ళు నిండాలి. రెండేళ్ళు కూడా తక్కువ లేని సమయంలో "సేవలు ఇక అవసరం లేదు" అని రాసి పంపించేసినారు. ఇప్పటికి పదిహేనేళ్ళు దాటింది. ఆయన ఎయిర్‌పోర్టు రోడ్డులో ఒక గోడౌనుకు రాత్రి కాపలా కాస్తున్నాడు. పింఛను లేదు, మిలిటరీ ఆసుపత్రి సౌకర్యం లేదు. నడవడి బాగాలేదని పంపించినట్టు కాగితంలో ఉంటే మాజీ సైనికుడనే గుర్తింపు దొరకడం కూడా కష్టం. ఆ ఒక్క వాక్యం మనిషి వెంట ఇంతదూరం వచ్చింది.

ఆయన తప్పే చేయలేదని మేము చెప్పడం లేదు. ఆయనా చెప్పడం లేదు. "రెండుసార్లు సెలవు దాటి ఇంట్లో ఉండిపోయినాను అన్నా, ఒకసారి తాగినాను, ఒకసారి పైవాడితో మాటకు మాట చెప్పినాను" అన్నాడు. సైన్యంలో కొన్ని రకాల శిక్షలను ఎర్ర సిరాతో రాస్తారు. అలాంటివి నాలుగు చేరితే 1954 నాటి ఆర్మీ రూల్సులోని 13వ రూలు కింద ఇంటికి పంపించే వాడుక ఉంది. ఈయనకూ లెక్క నాలుగే.

చాలామందికి తెలియని సంగతి ఇక్కడే ఉంది. నాలుగు చేరినంత మాత్రాన పంపించేయాలని ఎక్కడా లేదు. 1988 డిసెంబరు 28న సైన్యం ప్రధాన కార్యాలయమే ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ముందు విచారణ జరగాలి, ఆ సిపాయి మాట వినాలి. ఎన్నేళ్ళు పనిచేసినాడు, ఎలాంటి కఠినమైన చోట్ల పనిచేసినాడు, పింఛనుకు ఎంత దగ్గరగా ఉన్నాడు అన్నది కూడా చూడాలి. వీరేంద్ర కుమార్ దుబే అనే సిపాయి కేసులో 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఆయనకూ నాలుగు ఎర్ర సిరా నమోదులే. సరైన విచారణ లేకుండా పంపించడం చెల్లదని, పింఛనుకు కావలసిన కాలం వరకు ఆయన సర్వీసులో ఉన్నట్టే లెక్కపెట్టాలని తీర్పు ఇచ్చింది. వెనకటి జీతం ఇవ్వలేదు, పింఛను మాత్రం ఇచ్చింది. తప్పును తప్పు కాదనలేదు. తప్పుకు శిక్ష అప్పుడే పడింది కదా, మొత్తం జీవితాన్ని తీసేసే ముందు ఒకసారి ఆగి చూడండి అన్నదే దాని సారం.

మేము రైల్వేలో గుమాస్తాగా పనిచేసినవాళ్ళం. అక్కడ 1968 నాటి క్రమశిక్షణ నిబంధనలు ఉన్నాయి. ఒక ఇంక్రిమెంటు ఆపాలన్నా మెమో ఇచ్చి జవాబు తీసుకోవాలి. ఉద్యోగం తీసేయాలంటే ఛార్జిషీటు, విచారణ, పక్కన కూర్చొని సాయం చేసే తోటి ఉద్యోగి, ఆ తరువాత అప్పీలు. ఇన్ని ఉన్నా మనుషులు కాగితం చూసి భయపడేవారు. మేము చదివింది తమిళ మీడియం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంగ్లీషు మెమో వస్తే, అర్థం కాకపోయినా సంతకం పెట్టి, తరువాత ఎవరినైనా అడిగి తెలుసుకొనేవాళ్ళం. ఈయనా నోటీసు మీద అదే రోజు సంతకం పెట్టినాడు. "ఏం రాసినారో తెలియదు అన్నా, పెట్టమన్నారు పెట్టినాను" అన్నాడు. ఆ మాట మాకు కొత్త కాదు.

ఇది ఈయన ఒక్కడి సంగతే అనుకోకండి. ఆరోగ్యం చెడి ఇంటికి వచ్చినవాళ్ళు కూడా మన చుట్టుపక్కల ఉండవచ్చు. ధరమ్‌వీర్ సింగ్ అనే ఆయన 1985లో సిగ్నల్స్‌లో చేరి, 1994లో మూర్ఛ రోగమని బయటికి వచ్చినాడు. ఆ రోగానికీ సర్వీసుకూ సంబంధం లేదని వికలాంగ పింఛను ఇవ్వలేదు. 2013 జులై 2న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. చేర్చుకున్నప్పుడు రోగం ఉన్నట్టు రాయలేదు కాబట్టి మంచి ఆరోగ్యంతోనే చేరినట్టు అనుకోవాలి, సర్వీసు వల్ల రాలేదని చూపించే భారం ప్రభుత్వానిదే అన్నది. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు వచ్చినాయి. కాబట్టి ఎవరు ఎప్పుడు బయటికి వచ్చినారన్నది చూసి మాట్లాడాలి.

అమెరికాలో సైన్యం నుంచి చెడ్డ మాట రాయించుకొని వచ్చినవాడు ఆ మాట మార్చమని 15 ఏళ్ళలోపు అడగడానికి ప్రత్యేకంగా బోర్డులు ఉన్నాయి. లా కాలేజీ పిల్లలు కూడా ఉచితంగా అర్జీలు రాసిపెడతారు. మన దగ్గర ముఖ్యమైన దారి 2007 చట్టంతో వచ్చిన సాయుధ దళాల ట్రిబ్యునల్. ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు వాళ్ళకు చెన్నై బెంచి. కర్ణాటకలో ఉన్న మనకు కొచ్చి. దేవనహళ్ళి నుంచి కొచ్చి పోవాలంటే ఒక పగలంతా రైల్లోనే పోతుంది. రాత్రి కాపలా మానితే ఆ రోజు కూలి లేదు. న్యాయం ఉంది, దానికి రైలు ఛార్జీ కూడా ఉంది.

ఆశ ఎక్కువ పెట్టడం మాకు ఇష్టం లేదు. చివరి ఉత్తర్వు వచ్చిన 6 నెలల్లో ట్రిబ్యునల్‌కు పోవాలన్నది నియమం. ఆలస్యానికి తగిన కారణం చూపితే వినవచ్చు, వినకపోవచ్చు. పింఛను లాంటిది నెలనెలా నష్టం కాబట్టి ఆలస్యమైనా కొంత వింటారు, బకాయి మాత్రం సాధారణంగా కేసు వేసిన నాటికి ముందు 3 ఏళ్ళ వరకే. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే. కానీ ఈయన ముందు డిశ్చార్జినే ప్రశ్నించాలి. ఆలస్యమే పెద్ద అడ్డం. కోర్టు మార్షల్‌లో శిక్ష పడినవాళ్ళ సంగతి వేరే. ఇవన్నీ వకీలే చెప్పాలి, మనం కాదు. వకీలు దగ్గరికి చేర్చడం మాత్రం మన పని.

దారులు లేకపోలేదు. 2025 జులై 26న, కార్గిల్ విజయ దినం నాడు, జాతీయ న్యాయ సేవల సంస్థ సైనికులకు, వాళ్ళ కుటుంబాలకు న్యాయ సహాయ పథకం మొదలుపెట్టింది. సైనిక సంక్షేమ కార్యాలయాల్లోనే న్యాయ సహాయ కేంద్రాలు పెట్టడం దాని ఉద్దేశం. 15100కు ఫోను చేయవచ్చు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, వికలాంగులకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయం ఎంతైనా ఉచిత వకీలు దొరుకుతాడు. మిగిలినవారికి ఆదాయ పరిమితి ఉంది. సర్వీసు కాగితాలు లేకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి రికార్డ్స్ ఆఫీసుకు రాయవచ్చు.

మేము అడిగేది మూడే. ఒకటి, మన సంఘంలో మిలిటరీ నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళ భార్యలు ఎవరెవరు ఉన్నారో ఒక పట్టీ రాద్దాం. రెండు, అర్జీలు రాయడానికి, ఇంగ్లీషు కాగితం చదివి అర్థం చెప్పడానికి ఇద్దరు ముగ్గురం నెలకు ఒక ఆదివారం కూర్చుందాం. మేము వస్తాము. మూడు, కొచ్చికి పోయి రావడానికి ఇద్దరి రైలు ఛార్జీ సంఘం నిధి నుంచి ఇద్దాం. వకీలు ఫీజు అడగడం లేదు. ఉగాది పందిరికి మనం పెట్టే ఖర్చులో ఇది చిన్న భాగం.

"ఓడిపోతే?" అని అడుగుతారు. ఓడిపోవచ్చు. అయినా ఆయన తన మాట ఒకసారి ఒక న్యాయమూర్తి ముందు చెప్పుకున్నట్టు అవుతుంది. ఇన్నేళ్ళలో ఆ అవకాశం ఒక్కసారి కూడా రాలేదు. పోయిన ఆదివారం మన ముందు చెప్పబోయినాడు, మనమూ విననియ్యలేదు.

వచ్చే మీటింగులో ఈ విషయం మళ్ళీ పెడుతున్నాము. చేతులెత్తి చెప్పండి, వద్దన్నా సరే. ఆయనను మేమే పిలుచుకొని వస్తాము. ఆ రోజు నవ్వినవాళ్ళు ముందు వరసలో ఆయనకు ఒక కుర్చీ వేస్తే చాలు.