గృహిణులకు హెచ్చరిక: బండివెనుకఁ గూర్చుండునపుడు



స్కూటరుమీఁదను, మోటారుసైకిలుమీఁదను భర్తవెనుకనో, కుమారునివెనుకనో కూర్చుండి పోవుట నేఁడు మనకు నిత్యకృత్యము. నడపువారి మెలకువ యొక్కటియే చాలదు. వారికి వెనుక జరుగునది కనఁబడదు. కావున మన జాగ్రత్త మనమే చూచుకొనవలెను.

మొదటిది వస్త్రము. తిరుగుచున్న చక్రములోఁ గాని గొలుసులోఁ గాని చెఱఁగు చిక్కెనా, క్షణములో చుట్టుకొని మనిషిని క్రిందికి లాగును. మెడకుఁ జుట్టిన చున్నీ యురియే యగును. పైఁటను నడుమునఁ జుట్టి దోఁపుకొనుఁడు; చున్నీ కొనలను ముడివేయుఁడు. వెనుకచక్రమును సగమునకుఁ దక్కువ గాకుండఁ గప్పు కవచ ముండవలెనని 1989 నాఁటి కేంద్ర మోటారువాహన నిబంధనలే విధించినవి. అందముకొఱకు దానిని తీసివేయనీయకుఁడు.

రెండవది హెల్మెట్టు. 4 ఏండ్లు దాటిన వారందఱును, వెనుకఁ గూర్చున్నవారితోసహా, దానిని ధరింపవలెనని చట్టము. ఐ.ఎస్.ఐ. ముద్ర గలదానినే కొనుఁడు. గడ్డముక్రింది పట్టీ బిగింపనిచోఁ బడునపుడు హెల్మెట్టు తలను విడిచి పోవును.

మూఁడవది కూర్చుండు తీరు. ఇరువైపులఁ గాళ్లు వేసికొని కూర్చుండుట మేలు. ఒకవైపునకే కూర్చుండక తప్పనిచోఁ బాదము నానుడుపలకపై నిలిపి, పిడిని విడువకుఁడు.

పసిపిల్లను ఒడిలోఁ బెట్టుకొనిన చేతిపట్టు చాలదు. 9 నెలలు మొదలు 4 ఏండ్లలోపు బిడ్డను నడపువారితోఁ గలిపి కట్టు రక్షణపట్టీయు, తలకుఁ దగిన హెల్మెట్టును ఉండవలెను. వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. 2023 ఫిబ్రవరి 15 నుండి నిబంధన యిది.

నడపువారు "కూర్చుంటివా?" యని యడుగుదురే కాని, "చెఱఁగు దోఁపుకొంటివా?" యని యడుగరు. ఆ ప్రశ్న మనకు మనమే వేసికొని, పిమ్మటఁ గదలుమని చెప్పవలెను.