బొమ్మ గీసిన చేతికి పేరేదీ?

అడవిలో ఒక ముని. కాకి నోట్లోంచి జారిపడ్డ ఎలుకపిల్లను చేరదీసి గింజలు పెట్టి పెంచాడు. పిల్లి వెంటపడితే దాన్నే పిల్లిని చేశాడు. కుక్క తరిమితే కుక్కను చేశాడు. పులి మీదికొస్తే ఏకంగా పులినే చేశాడు. అక్కడితో పులికి తల తిరిగింది. తన పుట్టుక తెలిసిన మునిని మింగేస్తే గుట్టు దాగుతుందనుకుంది. ఆయన చప్పున దాన్ని మళ్లీ ఎలుకను చేసేశాడు. మాటవరసకు ‘పునర్మూషికో భవ’ అనే తెలుగువాళ్లకు ఈ హితోపదేశం కథ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇదే కథతో వచ్చిన పుస్తకానికి 1962లో అమెరికాలో కాల్డెకాట్ పతకం దక్కింది. పిల్లల బొమ్మల పుస్తకాలకు ఆ దేశంలో అంతకు మించిన గౌరవం లేదు. అయితే పతకం కథకు కాదు, బొమ్మలకు. మార్షియా బ్రౌన్ అనే చిత్రకారిణి చెక్క దిమ్మెల మీద బొమ్మలు చెక్కి, రంగు పూసి, కాగితం మీద అద్ది ‘వన్స్ ఎ మౌస్’ అనే ఆ పుస్తకం చేశారు. పెడనలో కలంకారీ అద్దకానికి టేకు దిమ్మెలు చెక్కేవాళ్లను చూసినవారికి ఈ పనిలో శ్రమ ఎంతో తెలుస్తుంది. ఒక్కో రంగుకు ఒక్కో దిమ్మె కావాలి. దిమ్మె వెంట్రుకవాసి పక్కకు జరిగినా బొమ్మ చెడుతుంది. బ్రౌన్‌కు ఈ పతకం 1955లో ఒకసారి, 1983లో మరోసారి కూడా వచ్చింది. మన కథకు బొమ్మలు వేసి ఆమె అంత పేరు తెచ్చుకున్నారు. అదే కథకు తెలుగులో ఎన్ని చేతులు ఎన్నిసార్లు బొమ్మలు వేసి ఉంటాయో! ఆ చేతుల్లో ఎన్నింటి పేర్లు మనకు తెలుసు?

అమెరికాలో ఈ గుర్తింపు దానంతటది రాలేదు. 1921 జూన్‌లో అక్కడి గ్రంథాలయ సంఘం సమావేశంలో ఫ్రెడరిక్ మెల్చర్ అనే పత్రికా సంపాదకుడు లేచి, పిల్లల పుస్తకానికి ఏటా ఒక పతకం ఇద్దామని ప్రతిపాదించారు. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్‌లో పిల్లల కోసం పుస్తకాలు అచ్చువేసి అమ్మిన జాన్ న్యూబెరీ పేరు దానికి పెట్టారు. 1922లో ఇవ్వడం మొదలైన ఆ న్యూబెరీ పతకమే ప్రపంచంలో పిల్లల పుస్తకాల కోసం పుట్టిన మొదటి పురస్కారం. 1928లో అది కలకత్తా దగ్గర పుట్టి అమెరికాలో స్థిరపడిన ధన్ గోపాల్ ముఖర్జీని వరించింది. ఆయన రాసింది ఒక పావురం కథ. ఇంతా చేసి న్యూబెరీ రచయితలకే వెళుతోందని, బొమ్మలేసేవాళ్లను ఎవరూ పట్టించుకోవడం లేదని కొన్నేళ్లకే అర్థమైంది. 1937లో మెల్చరే మళ్లీ పూనుకుని, చిత్రకారులకు విడిగా మరో పతకం ఉండాలన్నారు. మరుసటి ఏడాది నుంచి ఇస్తున్నారు. తొలి పతకం డొరతీ లాథ్రాప్‌ది.

పేరు మాత్రం ఇంగ్లండు చిత్రకారుడు రాండాల్ఫ్ కాల్డెకాట్‌ది. నలభై ఏళ్లు నిండకుండానే పోయారు. ఆయన గీసిన బొమ్మే పతకం ముందువైపు ఉంటుంది. అదుపు తప్పిన గుర్రం పరుగెత్తుతుంటే పైనున్న జాన్ గిల్పిన్ మెడ పట్టుకుని వేలాడుతుంటాడు, దారిలో బాతులు బెదిరి చెల్లాచెదురవుతుంటాయి. పతకం కంచుదే. దాని బలం లోహంలో లేదు, ఎంపిక చేసే తీరులో ఉంది. పదిహేనుమంది సభ్యుల సంఘం ఏడాది పాటు ఆ సంవత్సరం వచ్చిన పుస్తకాలు చదివి, చూసి, వాదించుకుని జనవరిలో ఒక పేరు ప్రకటిస్తుంది. సభ్యుల్లో ఎక్కువమంది పిల్లల గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్లు. పిల్లవాడు ఏ పేజీ దగ్గర ఆగిపోతాడో, ఏ పుస్తకం చేతికిస్తే పక్కన పడేస్తాడో రోజూ కళ్లారా చూసేవాళ్లు. గెలిచిన పుస్తకం అట్ట మీద బంగారు రంగు బిళ్ల అంటిస్తారు. ఆ బిళ్ల చూసి ఊరూరా గ్రంథాలయాలు పుస్తకం కొంటాయి. అలా కొనడం వల్లే ఎనభై ఏళ్ల నాటి పుస్తకాలు కూడా ఇవాళ్టికీ అచ్చులో ఉన్నాయి.

అలా నిలిచిన వాటిలో 1942లో పతకం గెలిచిన ‘మేక్ వే ఫర్ డక్‌లింగ్స్’ ఒకటి. బోస్టన్ నగరంలో ఒక తల్లి బాతు ఎనిమిది పిల్లలను వెంటేసుకుని, పోలీసు వాహనాలను ఆపితే రోడ్డు దాటి, పార్కు కొలను చేరుతుంది. కథ అంతే. బొమ్మలేసిన రాబర్ట్ మెక్‌క్లోస్కీ మాత్రం ఆ ‘అంతే’తో సరిపెట్టుకోలేదు. బాతు మెడ ఎలా తిప్పుతుందో, రెక్క ఎలా ముడుస్తుందో తెలియకుండా గీయకూడదనుకున్నారు. ముందు మ్యూజియంలో బాతులను పరిశీలించారు. అదీ చాలక, నిజం బాతులనే కొని న్యూయార్క్‌లోని తన అపార్ట్‌మెంట్‌కు తెచ్చుకున్నారు. అవి స్నానాల తొట్టిలో ఈదుతుంటే చూశారు. గదిలో తిరుగుతుంటే స్కెచ్ పుస్తకం పట్టుకుని నేల మీద పాకుతూ వాటి వెంట పడ్డారు. ఆ పుస్తకంలో బాతుపిల్లలను చూసిన ఏ పిల్లకైనా అవి కదులుతున్నట్టే ఉంటాయి. 1987లో బోస్టన్ పార్కులో ఆ తల్లికీ పిల్లలకూ కంచు విగ్రహాలు పెట్టారు. పిల్లలు ఎక్కి కూర్చుని కూర్చుని వాటి వీపులు మెరుగెక్కాయి.

మరో పుస్తకం ఇంకా ముఖ్యమైంది. బ్రూక్లిన్‌లో పోలండు నుంచి వలసవచ్చిన పేద యూదు కుటుంబంలో పెరిగిన ఎజ్రా జాక్ కీట్స్ 1940లో ‘లైఫ్’ పత్రికలో ఒక నల్లజాతి పసివాడి ఫొటోలు చూసి కత్తిరించి దాచుకున్నారు. ఇరవై ఏళ్లకు పైగా ఆ కత్తిరింపు ఆయన దగ్గరే ఉంది. ఇతరుల పుస్తకాలకు ఎన్నింటికో బొమ్మలు వేశారు గానీ ఒక్క దానిలోనూ నల్లజాతి పిల్లవాడు కథానాయకుడు కాలేదు. చివరికి 1962లో ఆ పసివాడి స్ఫూర్తితో తనే ‘ది స్నోయీ డే’ చేశారు. ఎర్రటి చలికోటు తొడుక్కున్న పీటర్ అనే పిల్లవాడు మంచులో ఆడుకుంటాడు, అడుగుల జాడలు చూసుకుంటాడు, మంచు ముద్దను జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంటాడు. రంగు కాగితాలూ గుడ్డ పీలికలూ అతికించి చేసిన బొమ్మలు. 1963లో పతకం వచ్చింది. 2020లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ తన 125 ఏళ్ల చరిత్రలో పాఠకులు అత్యధికంగా ఇంటికి తీసుకెళ్లిన పుస్తకం ఇదేనని ప్రకటించింది. తీసుకెళ్లింది 4,85,583 సార్లు.

ఆ పతకంతో అంతా మారిపోలేదు. రెండేళ్ల తర్వాత, 1965లో, నాన్సీ లారిక్ అనే విద్యావేత్త మూడేళ్లలో వచ్చిన 5,206 పిల్లల పుస్తకాలను లెక్కతీశారు. నల్లజాతివాళ్లు మాటలోనో బొమ్మలోనో ఏ మూలన కనిపించినా లెక్కలోకి తీసుకున్నా అవి 6.7 శాతమే తేలాయి. బడిలో కూర్చున్న లక్షల మంది పిల్లల ముఖాలు పుస్తకంలో లేవన్నమాట. ఈ బాధలోంచే 1969లో పౌరహక్కుల ఉద్యమకారిణి కొరెటా స్కాట్ కింగ్ పేరిట నల్లజాతి రచయితలకు విడిగా పురస్కారం పుట్టింది. కొన్నేళ్లకు అది చిత్రకారులకూ వచ్చింది. పెద్ద పతకం చూడని చోటును చూపించడానికి ఇంకో పతకం కావాల్సి వచ్చింది. ఇది చెప్పుకోవాల్సిన విషయం, ఎందుకంటే పురస్కారాలు తప్పులు చేస్తాయి. 1947లో వచ్చి తరాలుగా అమెరికా పిల్లలను నిద్రపుచ్చుతున్న ‘గుడ్‌నైట్ మూన్’కు కాల్డెకాట్ రాలేదు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ అయితే 1972 దాకా దాన్ని కొననే లేదు. అయినా ఏటా జనవరిలో ఒక పూట బొమ్మలేసేవాళ్ల గురించి ఒక దేశం మాట్లాడుకుంటుంది. తప్పు జరిగితే తిట్టుకోవడానికైనా ఒక చోటు ఉంది.

తెలుగులో ఆ చోటు ఏది?

బొమ్మలకు మన దగ్గర కొరతేమీ లేదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి ‘చందమామ’ మొదలుపెట్టాక ‘చిత్ర’ అని సంతకం చేసిన టి.వి.రాఘవన్, ‘శంకర్’ అని సంతకం చేసిన కె.సి.శివశంకరన్, ముఖచిత్రాలతో ఇల్లిల్లూ చేరిన వడ్డాది పాపయ్య కోట్లమంది పిల్లల ఊహకు రూపమిచ్చారు. భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం: విక్రమార్కుడంటే కళ్లకు కట్టేది శంకర్ వేసిన బొమ్మే. 1952లో చేరి దాదాపు ఆరు దశాబ్దాలు ఆయన అదే పని చేశారు. తొంభై ఆరేళ్ల వయసులో 2020లో కన్నుమూశారు. పద్మశ్రీ 2021లో, ఆయన పోయాక వచ్చింది. ఆ పతకం అందుకోవడానికి ఆయన చేయి లేకపోవడం మన వ్యవస్థ చేసిన ఆలస్యమే.

కేంద్ర సాహిత్య అకాడెమీ 2010 నుంచి ఏటా 24 భాషల్లో బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది. తెలుగులో తొలి పురస్కారం ‘అడవి తల్లి’కి గాను కలువకొలను సదానందకు దక్కింది. 2022లో పత్తిపాక మోహన్, 2023లో డి.కె.చదువుల బాబు, 2024లో పి.చంద్రశేఖర్ ఆజాద్, 2025లో గంగిశెట్టి శివకుమార్ అందుకున్నారు. మంచిదే, ఇవి కొనసాగాలి. పిల్లల కోసం రాసేవాళ్లను సాహిత్యకారులుగా చూడని రోజుల నుంచి ఇక్కడిదాకా రావడం చిన్న విషయం కాదు. కానీ యాభై వేల రూపాయలూ తామ్రఫలకమూ రచయితకే. ఆ పుస్తకంలో బొమ్మలు వేసినవారు సభలో వెనక వరుసలో కూర్చున్నారో, అసలు పిలుపే అందలేదో ఎవరూ అడగరు.

పిల్లల పుస్తకంలో బొమ్మ అలంకారం కాదు. సగం కథ అందులోనే ఉంటుంది. 2010లో కాల్డెకాట్ గెలిచిన జెర్రీ పింక్నీ పుస్తకంలో సింహం, ఎలుకల కథ ఉంది. అరుపులూ చప్పుళ్లూ తప్ప అందులో ఒక్క వాక్యం లేదు. కథంతా బొమ్మలే చెబుతాయి. మన ఊళ్లలో ఇలాంటి పుస్తకం అవసరం అమెరికాలో కన్నా ఎక్కువ. ఇంట్లో చదివి వినిపించేవాళ్లు లేని పిల్ల, అక్షరం ఇంకా కుదురుకోని పిల్ల, బడిలో వినే భాష ఇంట్లో మాట్లాడే భాష కాని గోండు పిల్ల, కోయ పిల్ల బొమ్మను మాత్రం తనంతట తాను చదవగలదు. తొలి పాఠకులకు తొలి లిపి అదే. ఆ లిపి రాసేవాళ్లను కూలికి పిలిచినట్టు బొమ్మకింతని లెక్కగట్టి, అట్ట లోపల కంటికి కనబడని అక్షరాల్లో పేరు వేసి పంపించేయడం పిల్లలకే నష్టం.

దేశంలో మంచి ఉదాహరణలు లేకపోలేదు. టాటా ట్రస్ట్స్ వారి ‘పరాగ్’ 2016 నుంచి ఇస్తున్న బిగ్ లిటిల్ బుక్ అవార్డు రచయితకు ఒకటి, చిత్రకారులకు ఒకటి. తొలి ఏడాది మరాఠీ రచయిత్రి మాధురీ పురందరేతో పాటు చిత్రకారుడు అతనూ రాయ్ గెలిచారు. చెన్నైలోని తారా బుక్స్ మధ్యప్రదేశ్ గోండు కళాకారులు భజ్జు శ్యామ్, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఉర్వేతిల బొమ్మలతో, చేత్తో స్క్రీన్ ప్రింట్ చేసి వేసిన చెట్ల పుస్తకం 2008లో ఇటలీలోని బొలోనా పిల్లల పుస్తకాల సంతలో బహుమతి తెచ్చుకుంది. ప్రథమ్ బుక్స్, తూలిక తెలుగులో వేసే పుస్తకాల్లో చిత్రకారుల పేరు రచయిత పేరు పక్కనే ఉంటుంది. పేరు పక్కన పేరు వేయడానికి అదనంగా కాగితం అక్కర్లేదు, సిరా అక్కర్లేదు. మిగతా ప్రచురణకర్తలు రేపటి పుస్తకం నుంచే ఆ పని చేయొచ్చు.

ప్రభుత్వాలు చేయాల్సింది వేరే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్ వసూలవుతోంది. ఆ డబ్బు జనం పుస్తకాల కోసం కట్టిందే. ఏటా తెలుగులో వచ్చిన పిల్లల బొమ్మల పుస్తకాల్లోంచి ఒక చిత్రకారుణ్ని లేదా చిత్రకారిణిని ఎంపిక చేసి, గెలిచిన పుస్తకాన్ని ప్రతి శాఖా గ్రంథాలయానికీ ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కొని పంపాలి. కేవలం శాలువా కప్పి పంపిస్తే ఆ పురస్కారం సభ అయిన మర్నాటికి పాతబడుతుంది. అన్ని వేల ప్రతులు కొంటే చిత్రకారులకు ఏడాది పొడవునా పని ఉంటుంది, ప్రచురణకర్తకు మంచి కాగితం వాడే ధైర్యం వస్తుంది. ఎంపిక సంఘంలో రచయితలు, ఆచార్యులు మాత్రమే కాదు, ఒకటో తరగతికి పాఠం చెప్పే టీచర్లు, గ్రంథాలయాల్లో పిల్లల మధ్య తిరిగేవాళ్లు ఉండాలి. పిల్లలనూ కూర్చోబెట్టాలి. బ్రిటన్‌లో పిల్లల పుస్తకాలకిచ్చే కార్నెగీ పతకాల తుది జాబితాకు చేరిన పుస్తకాలను బడుల్లో పిల్లలు గుంపులుగా చదివి, పెద్దలతో సంబంధం లేకుండా తమ ఓటు తాము వేస్తారు. మన మండల కేంద్రాల్లో అది జరగదని ఎవరూ అనుకోనక్కర్లేదు. బొమ్మ నచ్చిందో లేదో చెప్పడంలో ఆరేళ్ల పిల్లలను మించిన తీర్పరులు లేరు.

ఈలోగా పాఠకులు చేయగలిగింది ఒకటుంది. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికో వెళ్లి పిల్లలకు పుస్తకం కొనేటప్పుడు అట్ట మీద బొమ్మలు వేసినవారి పేరు వెతకండి. ఉంటే పిల్లకు చదివి వినిపించండి. లేకపోతే ఎందుకు లేదని స్టాలులో అడగండి.