చేసుకున్నవాడికి చేసుకున్నంతేనా?

కూలి ఎగ్గొడితే ‘నా రాత’ అంటాం. బిడ్డ జబ్బు చేసి పోతే ‘నా కర్మ’ అంటాం. ‘చేసుకున్నవాడికి చేసుకున్నంత’ అని సామెత కూడా చెప్పుకుంటాం. ఈ మాటలు మన నోట్లో ఎవరు పెట్టారు? కర్మ, ఆత్మ, యోగం అంటూ స్వాములూ, ప్రచారకులూ మన వాడల్లోకి కూడా వస్తున్నారు. వాళ్ళు చెప్పేది వినండి, వద్దనం. కానీ విన్నాక అడగండి. ఏమడగాలో మాకు తోచింది చెబుతున్నాం.

ముందు కర్మ. పోయిన జన్మలో చేసినదాన్నిబట్టే ఈ జన్మలో పుట్టుక అంటారు. ఛాందోగ్యోపనిషత్తు ఈ సంగతి దాచలేదు. మంచి నడత ఉన్నవాళ్ళు బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య గర్భాల్లో పుడతారట. చెడ్డ నడతవాళ్ళు కుక్క గర్భంలోనో, పంది గర్భంలోనో, చండాల గర్భంలోనో పుడతారట. అంటే మన తల్లుల కడుపునే మనకు శిక్షగా రాసిపెట్టారన్నమాట!

1985 జూలై 17న కారంచేడులో, తాగే నీళ్ళు మురికి చేయొద్దన్న దగ్గర మొదలైన గొడవకు ఆరుగురు మాదిగల్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. కర్మ లెక్కలో వీళ్ళంతా చేసుకున్నది అనుభవించినట్టే! మరి చంపినవాడి సంగతేంటి? వాడు వచ్చే జన్మలో అనుభవిస్తాడంటారు. వచ్చే జన్మకు వాయిదా పడే కేసులో సాక్షి ఎవరు? తీర్పు ఎవరిది?

ఇక ఆత్మ. అందరిలో ఉన్నది ఒకే ఆత్మ, తేడాలన్నీ మాయ అంటారు. వినడానికి ఎంత బాగుంది! కానీ అద్వైతం బోధించిన శంకరుడే తన బ్రహ్మసూత్ర భాష్యంలో శూద్రుడికి వేదం వినే హక్కు లేదన్నాడు. ఆత్మ ఒక్కటైతే చెవులెలా వేరయ్యాయి? ఆత్మ ఒక్కటైతే హోటల్లో గ్లాసులు రెండెందుకు? ఊళ్ళో శ్మశానాలు రెండెందుకు?

ఇక యోగం. 2015 నుంచి ఏటా జూన్ 21న యోగా దినం జరుపుతున్నారు. ఒళ్ళు వంచితే ఆరోగ్యమే, కాదనం. ఆ మాటకొస్తే నాట్లు వేసే మన ఆడవాళ్ళకు నడుము వంచడం ఒకరు నేర్పక్కర్లేదు. అయితే పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది. మొదటిది యమం. హింస చేయకూడదు, అబద్ధమాడకూడదు, ఒకరి సొత్తు దొంగిలించకూడదు, బ్రహ్మచర్యం పాటించాలి, ఎక్కువ కూడబెట్టకూడదు. ఇదీ యమం. కూలి ఎగ్గొట్టి, అసైన్‌మెంటు భూమి కలిపేసుకుని, పొద్దున్నే పద్మాసనం వేసే పెత్తందారు ఏ మెట్టు మీద ఉన్నట్టు? మొదటి మెట్టే ఎక్కనివాడు మనకు గురువా?

మనకూ ఒక గురువు ఉన్నాడు. బాబాసాహెబ్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలాది జనంతో బౌద్ధం స్వీకరించాడు. ఆయన పోయాక 1957లో అచ్చయిన ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ గ్రంథంలో కర్మను కూడా వదిలిపెట్టలేదు, తిరగదోడాడు. కర్మ అంటే మనిషి చేసే పని, దాని ఫలితం లోకంలోనే తేలుతుంది; పోయిన జన్మ పాపమే ఈ జన్మ పేదరికమంటే సంఘం తన బాధ్యత దులిపేసుకున్నట్టేనని తేల్చాడు.

మిత్రులారా! భజనకు పోయే మన అమ్మనో, అవ్వనో ఎగతాళి చేయకండి. ఆమెకు దేవుడు దుఃఖంలో తోడు. పక్కన కూర్చుని ఒక్కటే చెప్పండి: ‘అవ్వా, మనం ఏ పాపమూ చేయలేదు. మన భూమి, మన కూలి, మన నీళ్ళు మన నుదుట లేకుండా పోలేదు. తీసుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పేర్లు మనకు తెలుసు.’

ఆ మాట ఆమె నమ్మిన రోజున సంఘం మీటింగుకు మనకంటే ముందు ఆమే వస్తుంది.

జై భీమ్!