బొమ్మ తోలు లోపల మనిషున్నాడు

నరసరావుపేటలో ఒక ఫంక్షన్ హాలు. ఎవరో బాబు పుట్టినరోజు. గుమ్మంలో నిలువెత్తు ఎలుగుబంటి బొమ్మ నిలబడి వచ్చినోళ్లందరికీ చేతులూపుతోంది. పిల్లకాయలు చెవులు పట్టి లాగుతున్నారు, పెద్దోళ్లు పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. రాత్రి పదింటికి వంటశాల వెనక ఆ బొమ్మ తల తీసింది. చూస్తే మన పల్లె కుర్రోడే! చొక్కా పిండితే చెంబెడు చెమట. అప్పటికి భోజనాలు అయిపోయినయ్. "కూలెంతరా?" అంటే, "చూసి ఇస్తామన్నారన్నా" అన్నాడు.

రెంటచింతల ఎండలు పేపర్లకెక్కే పల్నాడు మనది. ఇక్కడ ఆ బొచ్చుతోలులో గంటలకొద్దీ నిలబడటమంటే ఏందో ఏసీ కింద కూర్చున్నోళ్లకు ఎట్టా తెలుస్తది? పైగా "ఎదిగినోడివి, ఈ బొమ్మ వేషాలు సిగ్గుగా లేదా" అనే పెద్దమనుషులొకరు. సిగ్గెవరికుండాలయ్యా? వేసినోడికా, వేయించుకుని కూలి చెప్పనోడికా?

అమెరికాలో డిస్నీల్యాండ్ అని 1955లో తెరిచిన వినోదాల పార్కు ఉంది. అక్కడ ఎదిగిన ఆడామగా మిక్కీ ఎలుకలుగా, కథల్లో రాకుమార్తెలుగా తిరుగుతారు. టిక్కెట్టు కొన్న పిల్లలకు ఆమె నిజం రాకుమారే. 2024 మే నెలలో ఆ ఎలుకలూ రాకుమార్తెలూ ఏం చేశారు? ఓట్లేసుకున్నారు. యూనియన్ కావాలని 953, వద్దని 258. దాదాపు 1,700 మంది నాటక కళాకారుల యూనియన్ కిందికొచ్చారు. ఉతికిన వేషం కావాలన్నారు, ఒంటికి రక్షణ కావాలన్నారు. అంత పెద్ద కంపెనీ ముందు నిలబడి అడిగారు.

మనకీ విద్య కొత్తదేం కాదు. పగటివేషగాళ్లు ఊళ్లోకొస్తే రోజుకో వేషం. అర్ధనారీశ్వరుడు, పిట్టలదొర, సోమయాజులు సోమిదేవమ్మ. బాపనయ్యను నడిబజారులో పెట్టి ఊరంతా నవ్వించిన మొనగాళ్లు వాళ్లు! ఆఖరి రోజున మాత్రం ఇంటింటి ముందు చేయి చాచాల్సిందే. దేవుడి వేషమేసినా గింజలు దోసిట్లో పట్టాల్సిందే. దాన్ని కూలి అనలేదు, దానమన్నారు. దానమంటే ఇచ్చినంత పుచ్చుకోవాలి, బేరం కూడదు. "చూసి ఇస్తాం" అన్న మాట అక్కణ్ణుంచే వచ్చింది.

ఆ వేషాలు కట్టే కులాల్లో బుడిగ జంగాలొకరు. ఎస్సీ జాబితాలో ఉన్నోళ్లే. 2002లో పార్లమెంటు చేసిన సవరణ చట్టం వాళ్లను హైదరాబాదు, తెలంగాణ జిల్లాలకే ఎస్సీలుగా కుదించింది. 2014లో రాష్ట్రం చీలాక ఆ జిల్లాలన్నీ అటే పోయినయ్. కృష్ణకు అవతల అంటరానోడు, ఇవతలకొస్తే కాదా? ఊరు అతన్ని ఏ అరుగు మీద కూర్చోబెట్టిందని?

అన్నలారా, తల చెప్పకుండా తోలు తొడగొద్దు. కూలెంతో, ఎన్ని గంటలో, మంచినీళ్లు, బువ్వ ఎప్పుడో ముందే కాగితం మీద రాయించుకోవాలి. ఒకడు తక్కువకు ఒప్పుకుంటే అందరికీ అదే రేటవుతది. మాచర్ల, గురజాల, పేట సంఘాలోళ్లు ఈ పనికి పోయే కుర్రోళ్ల పేర్లు, మీ వాడల్లో వేషాలు కట్టే కుటుంబాల పేర్లు రాసుకుని వచ్చే సమావేశానికి తీసుకురండి. ఆ ఎలుగుబంటి కుర్రోడి పేరు మేము రాసేసుకున్నాం.