మొగ పూడుతోంది, మేలుకోండి

వాతావరణం కుప్పకూలాక మిగిలినవాళ్ళ బతుకు మీద నెమ్మదైన నవలికలు వస్తున్నాయి. వాటిలో ఉప్పెన ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది. ఒక మనిషి రోజూ నూతి నీళ్ళు రుచి చూసుకుంటాడు, ఎండిన చెట్లు లెక్కపెట్టుకుంటాడు. కోనసీమలోని ఉప్పలగుప్తం మండలంలో కడలి వైపున్న ఊళ్ళకు అది రేపటి కథ కాదు, మొదలైపోయింది.

1996 నవంబరు 6న ఈ తీరాన్ని కొట్టిన తుఫానుకు తేదీ ఉంది. నేలలోకి ఎక్కే ఉప్పుకు తేదీ లేదు. దానికి మైకులో చాటింపు ఉండదు, పునరావాస కేంద్రం తెరవరు, నష్టం రాసుకోవడానికి ఎవరూ రారు. నాకు భయం అందుకే.

ఇక్కడి కూనవరం డ్రెయిన్ మొగ, అంటే అది సముద్రంలో కలిసే చోటు, ఇసుకతో పూడితే సార్వాలో వాన నీరు సముద్రంలోకి దిగదు, చేను ముంపులో కుళ్ళుతుంది. స్లూయిజ్ తలుపులు తుప్పుపట్టి మూసుకోకపోతే ఎండల్లో పోటు నీరు వెనక్కి ఎక్కుతుంది. ఒకే కాలువ రెండు విధాలా చంపుతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ఈ మురుగు గోడూ చెప్పుకున్నారు. 2022లో మళ్ళీ పంట విరామం మాట లేచింది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట కొబ్బరితోటలు మొవ్వు రాలి మొండేలుగా నిలబడ్డాయి. కొబ్బరి ఉప్పుకు ఓర్చుకుంటుందన్న ధీమా వద్దు. వేళ్ళ దగ్గర ఉప్పునీరు నిలిచిపోతే అదీ బతకదు.

1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. జానెడే కదా అనిపిస్తుంది. అరచేయిలా చదునుగా పరుచుకున్న ఈ నేల మీద జానెడు పోటు ఎంత దూరం వస్తుందో డ్రెయిన్ గట్టున నిలబడి చూడండి. గోదావరి ఒండ్రేమో ఎగువ ఆనకట్టల వెనక ఆగిపోతోంది.

తొలకరికి ముందే మొగలో పూడిక తీయాలి. స్లూయిజ్ తలుపులు ఈ వేసవిలోనే బాగుచేయాలి. వరి చేల నడుమ కొత్తగా రొయ్యల చెరువు తవ్వనివ్వకండి, ఉన్న చెరువుల ఉప్పునీరు పంట కాలువలోకి వదలనివ్వకండి. రొయ్యలకు కౌలుకు ఇచ్చిన ఎకరం డబ్బు తెస్తుంది, నిజమే. పక్క రైతు బోరు ఉప్పెక్కితే ఆ నష్టాన్ని ఏ కౌలూ పూడ్చదు.

దాళ్వా నారు పోసే ముందు నీళ్ళు పరీక్ష చేయించుకోండి. మీ నూతి నీళ్ళు మొదటిసారి ఉప్పగా తగిలిన రోజును గోడ మీది క్యాలెండరులో గుర్తు పెట్టండి. ఆ కాగితం పట్టుకుని గ్రామసభకు రండి.