పాత యంత్రమునకు క్రొత్త పలక

కమడోర్ 64 అను ఇంటి కంప్యూటరు 1982లో అమెరికాలో 595 డాలర్ల వెలకు వెలువడినది. దానిని చేసిన కంపెనీ 1994లో దివాలా తీసినది. అయినను ఆ యంత్రము వెనుకనున్న సందులో దూర్చు కార్ట్రిడ్జిలను అమెరికా, ఐరోపా దేశములలో కొందరు నేటికిని తమ ఇండ్లలోనే చేసికొనుచున్నారు. ప్రోగ్రాము నిక్షిప్తమైన చిప్పును ఒక పలకపై అతికి డబ్బీలో పెట్టినదే కార్ట్రిడ్జి. ఇది పనిలేనివారి వినోదమని నవ్వువారు కలరు. పాత యంత్రమును అనుకరించు ఎమ్యులేటరు ఆ ప్రోగ్రామును నేటి కంప్యూటరులో క్షణములో నడపును గదా యనుట వారి వాదము. ఆడుకొనుటకే యైనచో ఆ వాదము సరియైనదే. చదువుకొనుటకు మాత్రము అది చాలదు.

ఇరువైపుల రాగి పూత గల 1.6 మిల్లీమీటర్ల మందపు పలకపై తీగల దారులను చెరగని సిరాతో గీసి, ఫెర్రిక్ క్లోరైడు ద్రావణములో నుంచినచో, గీత లేనిచోట రాగి కరగిపోవును. గీత క్రిందిది నిలుచును. పిమ్మట సన్నని రంధ్రములు తొలిచి, చిప్పును టంకము పెట్టి అతుకుదురు. పలక అంచున ఒక్కొక్క వైపు 22 చొప్పున 44 రాగి పట్టీలు, 2.54 మిల్లీమీటర్ల ఎడముతో నుండవలెను. ఈ కొలత తప్పినచో ఒక పట్టీ చోట మరొకటి తగులును, యంత్రమునకే ముప్పు.

చిప్పు సంగతి మరింత రసవత్తరము. 27సి64 అను చిప్పులో 8,192 గదులు. ఒక్కొక్క గదిలో ఒక బైటు. ఏ గది కావలెనో చెప్పుటకు 13 తీగలు; గదిలోనిది తెచ్చుటకు 8 తీగలు. మొదటివానిలో రెండు తారుమారైనచో, త్రాడు తెగిన తాళపత్ర గ్రంథమున ఆకులు కలగలిసినట్లగును. రెండవవానిలో తారుమారైనచో, ఆకులు వరుసగానే యుండును గాని అక్షరములే చెదరిపోవును. నేర్పరులు కొందరు, పలకపై దారులు ఒకదానినొకటి దాటకుండుటకై, కావలెననియే తీగలను మార్చి కలిపి, ప్రోగ్రామును గూడ అదే క్రమమున మార్చి చిప్పులో వ్రాయుదురు. చదువునపుడు రెండు తారుమారులును ఒండొంటిని రద్దుచేసికొనును. వ్యస్తాక్షరి చెప్పు అవధాని మెచ్చదగిన యుక్తి యిది!

ఎక్స్‌రోమ్ అను తీగను సున్న వోల్టులకు కలిపినచో, 32768వ స్థానమునుండి 8 కిలోబైట్లు కార్ట్రిడ్జివే యని యంత్రము గ్రహించును. మీట నొక్కగానే 32772 మొదలు అయిదు స్థానములలో ‘సీబీఎమ్80’ అను గుర్తు కలదా యని చూచును. ఉన్నచో పెత్తనము ప్రోగ్రామునకు అప్పగించును. లేనిచో తన బేసిక్ భాషతో మామూలుగా మేల్కొనును. కావ్యమునకు శ్రీకారము వంటిది ఆ గుర్తు.

ఎమ్యులేటరు నడుపువానికి ఈ సంగతులలో ఒక్కటియు తెలియనక్కరలేదు. ఇంతకును, అది నడుపు ప్రతి ఎక్కడినుండి వచ్చినది? ఎవరో ఒకరు పాత కార్ట్రిడ్జిని విప్పి, చిప్పును చదివి, ఎత్తి వ్రాసికొన్నదే. కిటికీ గల ఈప్రామ్ చిప్పులో సమాచారము విద్యుదావేశ రూపమున బంధింపబడి యుండును. అతినీలలోహిత కిరణములు సోకినచో అది తుడిచిపెట్టుకొని పోవును. అందుకే కిటికీపై చీటి అంటింతురు. ఏ కిరణము సోకకున్నను, దశాబ్దములు గడచినకొలది ఆ విద్యుత్తు మెల్లగా జారిపోవును. చెదలు పట్టకముందే తాళపత్రమునకు ప్రతి వ్రాయించినట్లు దీనికిని ప్రతి తీయవలెను. తీసిన ప్రతి అసలు యంత్రములో నడచునో లేదో తేల్చుటకు పలక కావలెను.

భారతదేశమున 1984లో ప్రారంభమైన క్లాస్ పథకము క్రింద పాఠశాలలకు వచ్చినది కమడోర్ కాదు; బ్రిటనుకు చెందిన ఏకార్న్ కంపెనీ వారి బీబీసీ మైక్రో. దానికి కార్ట్రిడ్జి దూర్చు సందు సాధారణముగా ఉండదు. మూత తీసినచో కీబోర్డు క్రింద ప్రోగ్రాము చిప్పులకు గుంటలు కలవు. ఒక్కొక్కదానిలో 16 కిలోబైట్ల చిప్పు పట్టును. పలక చేయనేర్చిన విద్యార్థికి అట్టి చిప్పును చదువుట కష్టము కాదు. ఏ పాఠశాల బీరువాలోనైన ఆ యంత్రము మిగిలియున్నచో, పాత సామానుల వానికి తూచి యిచ్చుటకు ముందు ఉపాధ్యాయులు మూత తీసి చూడవలెను. కిటికీ గల చిప్పు కనబడినచో, దానిపై చీటి యున్నదో ఊడినదో మొదట చూడవలెను.